ముందు నడిచే మనిషి

బ్యాంకాక్

చందనా,
మేం బావున్నాం, బెంగెట్టుకోకు. ఫోన్లో సెబుదామంటే మీ మావయ్య పక్కనే ఉంటన్నారు, అందుకే ఈ కార్డు.

మనూళ్లో గేట్ బజార్లోలాగే ఇక్కడి సంతలోనూ ఆయన ముందు, నేను ఎనక. బట్టల కొట్టు దగ్గర నేనాగిపోతే, ఎనకే ఉన్నాననుకుని మాటాడుకుంటూ ఎల్లిపోనారు. నేను అక్కణ్ణుంచి కదల్లేదు. సివరికి సెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చి, "మన హోటల్ పేరేటే?" అన్నారు. అప్పట్నుంచి నా చేతిసంచి పట్టుకుని పక్కనే నడుస్తన్నారు.

నీ ఉసిరికాయ పచ్చడి అప్పుడే అయిపోనాది, ఈసారి ఇంకో జాడీ ఎక్కువ పెట్టు. తులసికి నీళ్లు పోస్తన్నావా? పిల్లకి నా ముద్దులు.

ఈ కార్డు మేం వచ్చేసాకే వస్తాదేమో. అప్పటికి మావయ్య మళ్లీ ముందు నడుస్తంటే, ఆయనకి గట్టిగా సదివి ఇనిపించు.

మీ అత్త
ఉమాదేవి