స్టీరింగు మీది ఎర్రగుడ్డ

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నాన్న, నేను క్షేమం. అక్కడ నువ్వూ అమ్మమ్మా క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఉత్తరం అన్నాక క్షేమంతోనే మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను గానీ, క్షేమంగా ఉన్నది నా ఒళ్ళు మాత్రమే. కడుపు ఉడికిపోతోంది. కోపంలో రాస్తే దస్తూరి పాడవుతుందని చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నావు. ఈసారికి అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నాన్న వేళకే తింటున్నాడు. ఒక పూట వంట నాది, ఒక పూట ఆయనది. ఆయన వండిన కూర నోట్లో పెట్టుకుని, "కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కాలా ఉంది" అని ఆయనే ఒప్పుకుంటాడు. కుట్టుమిషనుకు బెల్టు మార్పించాడు. మెట్ల కింద కుళాయి ఇంకా కారుతూనే ఉంది, దాన్ని గురించి అడిగితే మాత్రం దారం ఎక్కిస్తున్నట్టు తల వంచేసుకుంటాడు. నా చదువు పాడవడం లేదు. ఇక, "నా గురించి కాలేజీలో ఎవరితోనూ గొడవ పడకు" అని రాశావు చూడు, దానికి జవాబు ఈ ఉత్తరమంతా.

చివర్లో ఒక మాట రాశావు. స్టీరింగుకు నువ్వు కట్టిన ఎర్రగుడ్డను కొత్త డ్రైవరు పారేస్తాడేమో, కుదిరితే విప్పి తెచ్చి దాచమని. అది చదివి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు కాలేజీ బస్సు నడిపిన మనిషివి. వాన పడ్డ పొద్దున ఒక్కసారి బస్సు జారి గేటు స్తంభాన్ని తాకితే, "చక్రాల అలైన్‌మెంటు బాగానే ఉంది, నా అజాగ్రత్త వల్లే జరిగింది" అని వాళ్ళు రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టేసి, అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయి, అక్కడి నుంచి ఒక గుడ్డముక్క అడుగుతున్నావా? ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. బస్సు అద్దం పగిలింది. వాచ్‌మన్ కుర్చీ విరిగింది, అందులో వాచ్‌మన్ లేడు, ఆయన దానిలో ఎప్పుడూ ఉండడు. ఆ స్తంభమైతే ముందు నుంచీ వంకరే. సంతకం పెడితే కొన్నాళ్ళ సెలవుతో సరిపోతుందన్నారు, ఇప్పుడేమో టర్ము అయిపోగానే కొత్త డ్రైవరును ఖాయం చేస్తారట. ఆ మాట నీకు ఎవరూ రాసి ఉండరు, నేను రాస్తున్నాను.

సరే, గుడ్డ సంగతి. నువ్వు చెప్పావని సాయంత్రం ట్రిప్పులో, నీ వెనక నేనెప్పుడూ కూర్చునే సీట్లో చివరిదాకా కూర్చుని, అందరూ దిగాక కొత్త డ్రైవరు వెనక నిలబడ్డాను. మంచివాడే పాపం, ఆయన మీద నాకు కోపం లేదు. బస్సు తిన్నని రోడ్డు మీద పోతోంది. గుడ్డ ముడి మాత్రం స్టీరింగు పైన లేదు, కుడి పక్కకు ఒరిగి ఉంది. రోడ్డు మలుపు తిరగలేదు, బస్సు మలుపు తిరగలేదు, ముడి మాత్రం పక్కకు తిరిగి ఉంది.

"అదేంటండీ, స్టీరింగు అలా పట్టుకున్నారు?" అని అడిగాను.

"ఈ బండి ఇంతేనమ్మా. కాస్త కుడికి తిప్పి పట్టుకుంటేనే తిన్నగా పోతుంది. బస్సుల ఇన్‌ఛార్జి గారికి చెప్పాను, అలవాటైపోతుందిలే అన్నారు."

అమ్మా, ఆ గుడ్డ కట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. నాన్న కత్తిరింపుల్లోంచి ఎర్రముక్క ఏరి ఇచ్చింది నేనే. అది అలంకారం అనుకున్నాను నేను. నువ్వేమో, "పొద్దున్నే మసకగా ఉన్నప్పుడు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చేతికి తెలియాలి కదే" అని, బస్సును తిన్నగా నడిపి ఆపి, సరిగ్గా నడినెత్తిన ముడి వేశావు. అప్పటి నుంచి దాన్ని విప్పలేదు, జరపలేదు. మరి నడినెత్తిన ఉన్న ముడి కుడి చెవి దగ్గరికి ఎప్పుడు వచ్చింది? ముందు చక్రాల అలైన్‌మెంటు తప్పి, రెండూ ఒకే దిక్కు చూడటం మానేసినప్పుడు వచ్చింది. రోజుకు ఇంత చొప్పున జరిగి ఉంటుంది, నీ చేతులు రోజుకు ఇంత చొప్పున సర్దుకుని ఉంటాయి. బస్సు లాగుతోందని నువ్వు ఇన్‌ఛార్జికి చెప్పలేదా? చెప్పావు. "ఆడవాళ్ళు స్టీరింగు బిగబట్టి నడుపుతారు, అందుకే లాగుతుంది" అన్నాడని ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పావు. నేనూ నాన్నా కూడా నవ్వాం. ఇప్పుడు తలచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

మర్నాడు నేనూ, నాతో ప్రాజెక్టు చేస్తున్న పొడుగు పిల్లా కలిసి షెడ్డులో బస్సు కిందికి దూరాం. ముందు టైర్లు బయటికి కొత్తవాటిలా ఉన్నాయి. లోపలి అంచు తడిమితే నున్నగా, పలకలా ఉంది. షెడ్డులో వీళ్ళ పద్ధతి ఏమిటో తెలుసా? బయటి అంచు అరిగిపోగానే టైరు విప్పి, రిమ్ము మీద తిరగేసి బిగిస్తారు. అరిగిన వైపు లోపలికి పోతుంది, కంటికి కనిపించదు. ఎందుకు అరిగిందని మాత్రం ఎవరూ అడగరు. నాన్నకు చెబితే, "కాలరు చిరిగితే నేనూ తిరగేసి కుడతాను. కానీ చొక్కాకు బ్రేకు వేయాల్సిన పని లేదు కదా" అన్నాడు. తర్వాత చాలాసేపు మిషను తొక్కలేదు.

దాంతో ప్రాజెక్టు అంశం మార్చేశాను. మా ఆటోమొబైల్ విభాగం మాస్టారు నీకు తెలుసు కదా, మేం చాటుగా మళ్ళీ సారు అంటాం. ఏ కొలత చూపించినా "మళ్ళీ" అంటాడు కాబట్టి. నేను రాసుకెళ్ళిన కాగితం పైన అంశం ఇలా ఉంది: "బస్సు జారడంలో డ్రైవరు తప్పు లేదని నిరూపించుట." ఆయన చదివి, ఎర్రకలంతో అడ్డంగా కొట్టేశాడు.

"జవాబు రాసేసుకుని ప్రశ్న వెతుక్కుంటున్నావు. ఇది ప్రయోగం కాదు, వకాల్తా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి మా అమ్మ దగ్గర ప్రయోగం చేసే సంతకం తీసుకున్నారా సార్?" అనేశాను. పొడుగు పిల్ల నా మోచెయ్యి గిల్లింది. సారు మాత్రం కోప్పడలేదు. "లేదు. అందుకే మనం వాళ్ళలా చేయకూడదు" అని కొత్త కాగితం ఇచ్చాడు. అప్పుడు రాసిన అంశం: "తడి నేల మీద టైరు పట్టు, చక్రాల అలైన్‌మెంటు." చప్పగా ఉంది కానీ, ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఏం చేయబోతున్నామో చెబుతాను, నీకైతే ఒక్క ముక్కలో అర్థమవుతుంది. ముందు ఒక్క చక్రాన్ని చట్రంలో బిగించి, మీద ఇసుక బస్తాలు పెట్టి, స్ప్రింగు త్రాసుతో లాగుతాం. పొడి నేల మీద, తడి నేల మీద. చక్రం తిన్నగా ఉన్నప్పుడు, కాస్త పక్కకు తిరిగి ఉన్నప్పుడు. పక్కకు తిరిగిన చక్రం ఈడ్చుకుంటూ దొర్లుతుంది, దాని పట్టులో కొంత ఆ ఈడ్పుకే ఖర్చయిపోతుంది, బ్రేకు వేసినప్పటికి ఎంత మిగులుతుందో చూడాలి. ఆ తర్వాత అసలు బస్సు. కాలేజీ వెనక ఖాళీ సిమెంటు నేలను పైపుతో తడిపి, సుద్ద గీత మీదుగా నెమ్మదిగా నడిపి బ్రేకు వేయడం, గీతకు ఎంత పక్కకు పోయిందో కొలవడం. ముందు బస్సు ఇప్పుడున్నట్టే, తర్వాత అలైన్‌మెంటు సరిచేయించి. అవే టైర్లు, అదే గాలి, అదే బరువు, అదే వేగం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉండాలి. ఇది మళ్ళీ సారు మంత్రం.

ఈ సంగతి బస్సుల ఇన్‌ఛార్జి చెవిన పడింది. మొన్న మధ్యాహ్నం షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి బస్సు బయలుదేరుతోంది. ఎక్కడికి అంటే, బయట వర్క్‌షాపుకట, అలైన్‌మెంటు చేయించి, ముందు టైర్లు రెండూ మార్పించడానికట. ఇన్నాళ్ళూ నిద్రపోయిన మనిషికి ఆ రోజే మెలకువ వచ్చింది. నేను వెళ్ళి బస్సు ముందు నిలబడ్డాను. గొడవ పడొద్దన్నావు, గొడవ పడ్డాను. దాచడం ఎందుకు?

"పక్కకు జరుగు. పిల్లల భద్రత కోసం చేయిస్తున్నా, అది కూడా తప్పేనా?" అన్నాడు ఇన్‌ఛార్జి.

"అలైన్‌మెంటు బాగానే ఉందని మా అమ్మ కాగితంలో మీరే రాశారు కదండీ. బాగున్నదాన్ని ఎందుకు బాగు చేయిస్తున్నారు?"

"బాగానే ఉంది. అయినా ఒకసారి..." అని నీళ్ళు నమిలాడు.

"బాగుంటే చేయించక్కర్లేదు. బాగా లేకపోతే మా అమ్మ సంతకం వెనక్కి ఇచ్చేయండి. రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి."

అంతలో ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చింది. పొడుగు పిల్ల పరుగెత్తి పిలుచుకొచ్చిందని తర్వాత తెలిసింది. మేడమ్ నా అరుపులన్నీ విని, వంగి, తన చేత్తోనే టైరు లోపలి అంచు తడిమింది. చెయ్యంతా నల్లగా అయింది. రుమాలు కోసం వెతుక్కోలేదు. "పిల్లల ప్రయోగం అయ్యేదాకా ఈ బస్సు కదలడానికి వీల్లేదు. ట్రిప్పులకు వేరే బండి చూడండి" అంది. ఇన్‌ఛార్జి ముఖం మాడిపోయింది. నేను ఇంటిదాకా ఎగురుకుంటూ వచ్చాను.

ఇక ఇప్పుడు అసలు మాట రాయాలి. ఇందాకటి నుంచి దీన్నే వెనక్కి వెనక్కి నెడుతూ వస్తున్నాను.

నిన్న మళ్ళీ సారు ప్రణాళిక అంతా చదివి, ఒక్క వరుస దగ్గర వేలు పెట్టాడు. అక్కడ "డ్రైవరు: ప్రస్తుతం బస్సు నడుపుతున్న వ్యక్తి" అని ఉంది.

"ఆ రోజు నడిపిందెవరు?"

"మా అమ్మండీ."

"మిగతావన్నీ ఆ రోజులాగే ఉండాలంటున్నావు, మరి డ్రైవరును ఎందుకు మార్చావు?"

"అమ్మ ఊళ్ళో లేదండీ. అమ్మమ్మ కాలు బాగాలేదు."

"అదొక్కటే కారణమా?"

ఊరికే అడిగాడమ్మా, గుచ్చి అడగలేదు. కానీ అదొక్కటే కారణం కాదు. చక్రాలు సరిచేశాక కూడా, నువ్వు నడిపినప్పుడు బస్సు గీత దాటి పక్కకు పోతే? అప్పుడు తప్పు నీదే అవుతుంది కదా. అది నా కళ్ళతో చూడాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. అందుకే నిన్ను నా ప్రయోగంలోంచి తీసేశాను. నిన్ను నమ్మలేదని ఇన్‌ఛార్జిని తిట్టాను, కాలేజీని తిట్టాను, నీ చేత సంతకం పెట్టించిన వాళ్ళందరినీ తిట్టాను. తీరా చూస్తే నిన్ను నమ్మని మనిషి నా కాగితంలోనే ఉంది, నా దస్తూరితోనే. ఇన్నాళ్ళలో ఎవరి మీదా రానంత కోపం నా మీద నాకే వచ్చింది. సిగ్గుగా ఉందమ్మా. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆ వరుస కొట్టేసి, సారు ముందే మళ్ళీ రాశాను. "డ్రైవరు: ప్రమాదం జరిగిన రోజు బస్సు నడిపిన వ్యక్తి." ప్రిన్సిపాల్ మేడమ్ ఆ వరుస రెండుసార్లు చదివి మరీ అనుమతి ఇచ్చింది. నేల ఖాళీ చేయించడం, చుట్టూ తాళ్ళు కట్టించడం సారు తన మీద వేసుకున్నాడు. ఇసుక బస్తాలకు నాన్న పాత గోనెలు కుడుతున్నాడు. అన్నీ సిద్ధం. ఒక్క మనిషే తక్కువ.

అమ్మమ్మ కాలు వంక పెట్టకు. కర్ర లేకుండా పెరట్లోకి నడుస్తోందని, "ఇంకా ఎన్నాళ్ళుంటావే ఇక్కడ" అని కసురుకుంటోందని నువ్వే రాశావు. నువ్వు అమ్మమ్మను చూసుకోవడం లేదు, అక్కడ దాక్కున్నావు. నీ మీద కూడా నాకు చాలా కోపంగా ఉంది. ప్రయోగంలో ఏం తేలుతుందో నాకు తెలియదు. సారుకూ తెలియదు. తప్పు నీదని తేలితే అప్పుడు పెట్టు సంతకం, నేనే కలం ఇస్తాను. తేలకముందే పెట్టే హక్కు మాత్రం నీకు లేదు.

ఎర్రగుడ్డ తీసి దాచమన్నావు. తీయలేదు, తీయను. ఇప్పుడది కుడి పక్కకు ఒరిగి, నువ్వు వదిలేసి వెళ్ళినట్టే ఉంది. చక్రాలు సరిచేశాక అది తిరిగి నడినెత్తికి వస్తుందా లేదా అన్నది నీ చేతుల మధ్య ఉండగా చూడాలి. బయలుదేరిరా.

అమ్మమ్మకు నా నమస్కారాలు చెప్పు. నిన్ను కసరడం ఆపొద్దని కూడా చెప్పు.

ఇట్లు,
నీ వెనక సీటు ఇంకా ఎవరికీ ఇవ్వని
నీ కూతురు