నలభై ఒకటో చెయ్యి

షాల్‌క్రాస్,
గురువారం, 12 మే 1994.

మార్‌బర్గ్‌లో అత్త ఇంట ఉన్న మా రమణమ్మ అవ్వకు,

ప్రభువు కాపుదలలో నువ్వు చల్లగా ఉన్నావని తలుస్తూ నీ మనవరాలు హేజెల్ చేసే వందనాలు. ఇక్కడ నాన్న, అమ్మ, నేను నిమ్మళంగా ఉన్నాం. ఈ 'నిమ్మళం' నీ నోట వెయ్యిసార్లు విన్న మాట. నిరుడు మా తెలుగు మాస్టారి నిఘంటువులో అది కనబడితే, ఊరుకాని ఊళ్లో మన ఇంటి మనిషి ఎదురైనంత సంబరపడ్డాను. యూనివర్సిటీలో తెలుగు తీసుకున్నప్పుడు ఎరాల్ మావ, "తెలుగు చదివి ఎవురితో మాట్లాడతావు గర్ల్, కోతుల్తోనా?" అని నవ్వాడు. అవ్వతో అని చెప్పడానికి అప్పుడు తట్టలేదు. నువ్వు చదవగలిగిన భాష ఇదొక్కటే కదా. తప్పులుంటే పెన్సిల్‌తో గుర్తు పెట్టు.

ఇది నాన్న కబురు. కంగారు పడకు, వరసగా చెప్తాను. చివరి కాగితం ముందు చదవకు.

రెండేళ్ల క్రితం నువ్వు ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లిపోతూ, "నా కొడుకు సంఘంలో మళ్లీ వాయించిన రోజు కబురెట్టండి, నడిచైనా వస్తాను" అన్నావు. నీకు నాన్న తాగుడు ఒక్కటే కనబడింది. నాకూ అంతే. ఆయన అసలు దేనికి లొంగాడో ఈ మధ్యనే నాతో చెప్పాడు. ముప్పై ఏళ్లు మన సంఘంలో అకార్డియన్ వాయించాడు. పాట అయిపోగానే అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోతారు. తరవాత వాయించడానికి కుదిరిన బీచ్ దగ్గరి హోటల్లో అలా కాదు. "అంతకుముందు మనోళ్లు ట్రే పట్టుకుని తప్ప అడుగు పెట్టని గది అది. నేను వాయిస్తే ఒక తెల్లాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టినాడు హేజెల్. ఆ చప్పుడు ఇంటిదాకా నా చెవిలో ఉండిపోయినాది" అన్నాడు. చప్పట్ల వెనక గ్లాసు వచ్చింది. ఆ తరవాతిది నీకు తెలుసు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచుతుంటే, పాట మధ్యలో అకార్డియన్ మీద తల వాల్చి నిద్రపోయాడు. సంఘం ఆయన్ని సహవాసంలోంచి తీసేసి వెనక బల్ల మీదికి పంపింది. నువ్వు మార్‌బర్గ్ వెళ్లిపోయావు.

నీకు తెలియనిది ఒకటి ఉంది. మానేస్తానని నాన్న రెండుసార్లు మాట ఇచ్చాడు. రెండోసారి ఇచ్చింది నాకు. నిరుడు నా బాప్తిస్మం రోజు నేను నీళ్లలోంచి పైకి లేచి చూస్తే అమ్మ ఒక్కతే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. నాన్న హోటల్లో వాయిస్తున్నాడు.

మొన్న గుడ్ ఫ్రైడే నాడు కూడా హోటల్‌కే వెళ్లాడు. సాయంత్రం పెందలాడే తిరిగొచ్చి, కోటు విప్పకుండా వంటింట్లో స్టూలు మీద కూలబడ్డాడు. అమ్మ టీ ఇస్తే తాగలేదు. కాసేపటికి చెప్పాడు. రెండు పాటల మధ్య ఏం వాయించాలో తోచక, వేళ్లు వాటంతటవే ఒక వరస పట్టుకున్నాయట. తాతను మట్టి చేసిన రోజు సమాధి దగ్గర నువ్వు ఒక్కదానివే పాడావే, ఆ పాట. హోటల్లో వాళ్లకి ఆ వరస నచ్చింది. ఇంకొంచెం జోరుగా వాయించమన్నారు. నాన్న వాయించాడు. వాళ్లు జంటలుగా లేచి ఆడారు.

"మా నాయన సమాధికాడ మా అమ్మ పాడిన పాట. దాన్ని నేను డాన్సు పాట చేసేసినాను. శుక్రవారం నాడు" అన్నాడు. అమ్మ స్టవ్ ఆపి, ఆయన పక్కన నేల మీద మోకాళ్లూనింది. ఆయన కూడా స్టూలు దిగాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న ప్రార్థన చెయ్యడం నేను అంతకుముందు వినలేదు. 'ప్రభువా' అని, ఆగి, మళ్లీ 'ప్రభువా' అన్నాడు. అంతే.

మర్నాడు సంఘ పెద్ద, డీకన్ క్లారెన్స్ అంకుల్ ఇంటికి వెళ్లి, తనను సహవాసంలోకి తిరిగి తీసుకోమని అడిగాడు. సంఘం ఓటుకి మే ఎనిమిది, ఆదివారం అని నిర్ణయమైంది.

ఈలోగా దేశం ఓటు వచ్చింది, అన్ని రంగులవాళ్లూ కలిసి వేసే మొట్టమొదటి ఓటు. మీ మార్‌బర్గ్‌లో ఎలా ఉందో గానీ, ఇక్కడ స్కూలు గేటు నుంచి కొండ కిందిదాకా వరస. అయిదు గంటలు నిలబడ్డాం. మా ముందు గొడుగు వేసుకున్న జులూ తెగ ముసలమ్మ, ఆమె ముందు ఎరాల్ మావ. నాన్న జాగాలో రెండేళ్లుగా సంఘంలో కీబోర్డ్ వాయిస్తున్నది ఆయనే, వాయించడం అనగలిగితే. మావ వెనక్కి తిరిగి, "ఏయ్ జార్జ్, ఇవాళ దేశంకి ఓటు, రెండో ఆదివారం నీకు ఓటు. మండేలాకి అయినా కొందరు వెయ్యరు మ్యాన్, నీకు మాత్రం అందరూ వెయ్యాల" అన్నాడు. నాన్న కూడా నవ్వాడు కానీ చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

మావ అన్నది నిజమే. ఇది నేను మొదటిసారి చూశాను. వెనక బల్ల మీది మనిషిని తిరిగి చేర్చుకోవాలంటే అక్కడున్న సభ్యులందరూ చెయ్యి ఎత్తాలి. ఒక్క చెయ్యి తగ్గినా మరో ఏడాది ఆగాలి. ఓటు జరిగేటప్పుడు ఆ మనిషి బయట కూర్చోవాలి.

ఆ ఆదివారం మదర్స్ డే. హోటల్ మేనేజరు ఫోన్ చేసి ఆ రోజు లంచ్‌కి వాయించమన్నాడు, నచ్చితే ప్రతి ఆదివారమూ నీదే అన్నాడు. పదకొండున్నరకి గుడి దగ్గరికే వ్యాన్ పంపుతానన్నాడు. నాన్న ఏం జవాబు చెప్పాడో మాకు చెప్పలేదు. ఆదివారం పొద్దున హోటల్ వాళ్ల ఎర్ర కోటు మడిచి సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. అమ్మ ఆ సంచి చూసింది, నేనూ చూశాను.

ఆరాధన అయ్యాక నాన్న ముందుకొచ్చి నిలబడ్డాడు. "నాకు దేవుడు సరిపోలేదు, చప్పట్లు కావాల్సి వచ్చినాయి. చప్పట్లు ఆగిపోతే గ్లాసు కావాల్సి వచ్చింది. మళ్లీ పడనని నేను చెప్పను. రెండుసార్లు చెప్పి పడినాను. ప్రభువు నన్ను లేపినాడు, అది నాకు తెలుసు. మీరు చేర్చుకుంటే ముందు కూర్చుంటాను. లేకపోతే వెనక కూర్చుంటాను. రావడం మాత్రం మానను" అని చెప్పి, సంచి తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

చేతులు లేచాయి. క్లారెన్స్ అంకుల్ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. అప్పుడే బయట వ్యాన్ హారన్ మోగింది. "నలభై" అన్నాడాయన. సభ్యులం నలభై ఒక్కరం. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "దేవుని ఇంట్లో తొందర లేదు. మళ్లీ లెక్కపెడతా" అని మొదటి బల్ల నుంచి మొదలుపెట్టాడు. ఈసారి నలభై ఒకటి వచ్చింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఎరాల్ మావ లేచి, "సారీ అంకుల్, నా చెయ్యే. భుజం పట్టేసినాది" అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో, "కీబోర్డ్ పోతుందని బెంగేమో" అని గొణిగారు. మావ, "బెంగా? నా వేళ్లకి ఇవాళ క్రిస్మస్!" అన్నాడు.

నాన్నను పిలవడానికి నేను వెళ్లాను. మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వ్యాన్ లేదు, సంచి లేదు. అయిందా అని అడిగాడు. అయింది అన్నాను. లోపలికొచ్చి అకార్డియన్ భుజాలకి తగిలించుకుని నీ పాటే వాయించాడు అవ్వా, సమాధి పాట, ఎంత నెమ్మదిగా పాడాలో అంత నెమ్మదిగా. పాట అయిపోగానే అందరూ కళ్లు మూసుకున్నారు. ఒక్క చప్పట కూడా లేదు. నాన్న కూడా కళ్లు మూసుకున్నాడు.

ఇక నువ్వు నడిచి రానక్కర్లేదు. వచ్చే శనివారం నాన్నే కారు తీసుకుని వస్తాడు. ట్రంకు సర్ది ఉంచు. నీ మంచం మీద నా పుస్తకాలన్నీ తీసేశాను.

అత్తకి నా వందనాలు చెప్పు.

నీ మీద బెంగతో,
నీ మనవరాలు
హేజెల్

తా.క. అవ్వా, ఉత్తరం మడిచేశాక మళ్లీ విప్పాను. మొదటిసారి లేవని చెయ్యి ఎరాల్ మావది కాదు. నాది. మళ్లీ పడనని నాన్న చెప్పకపోయేసరికి, నీళ్లలోంచి లేచి ఆయన కోసం వెతుక్కున్న రోజు గుర్తొచ్చి చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. హారన్ మోగినప్పుడు బయటికి చూస్తే, నాన్న ఆ ఎర్ర కోటు సంచి డ్రైవర్ చేతికిచ్చి, వ్యాన్ తలుపు తానే మూసి, తిరిగొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు. అప్పుడు ఎత్తాను. మావ నా వెనక బల్లలోనే ఉన్నాడు, అంతా చూశాడు. నా కోసం గుడిలో అబద్ధమాడాడు, ఆయన్ని తిట్టకు. నిన్న సాయంత్రం ఉండబట్టలేక నాన్నకి చెప్పేశాను. ఆయన, "నీదా? ఎరాల్ చెప్పింది నమ్మలేదు గానీ, నేను మీ అమ్మదనుకున్నా. మూడ్రోజుల్నించీ పొద్దున్నే లేచి ఆమెకి టీ పెట్టి ఇస్తన్నాను" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ, ఎవరిదైతే ఏం, టీ మాత్రం ఆపొద్దంది.