అద్దెకు అడిగిన సర్టిఫికెట్

వాట్‌గంజ్, కలకత్తా
జూలై 1993

అత్తకు నీ కోడలు నారాయణమ్మ నమస్కారాలు. నేనూ నీ కొడుకూ ఇక్కడ బాగున్నాం. నువ్వూ, చిన్నత్తా, మన మంగా అక్కడ చల్లగా ఉండాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ఉత్తరంలో పెద్దవాళ్లను "మీరు" అనాలట. మేనత్తవి, మాటలు వచ్చినప్పటి నుంచీ నువ్వు అన్నదాన్ని, ఇప్పుడు మీరంటే పగలబడి నవ్వుతావని మానేశాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న కూర్మయ్య బాబాయికి కూడా నమస్కారాలు.

ఈరోజు బంద్. రేవు మూసేశారు కాబట్టి నీ కొడుకు పొద్దున్నుంచీ నిద్రే. మందుల కొట్టుకు బంద్ లేదు. నేను వెళ్లి వచ్చి, అన్నం వండి, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ కొడుకు తాగుతున్నాడా అని అడిగావు. పండగలకీ, యూనియన్ గెలిచినప్పుడూ తప్ప లేదు. యూనియన్ ఎప్పుడూ గెలుస్తూనే ఉంటుందనుకో. నేను చిక్కిపోయానా అన్నావు. ఉప్పుడు బియ్యం అలవాటై బుగ్గలు కూడా వచ్చాయి. మోకాళ్ల నొప్పులకు కూర్మయ్య బాబాయి తన మాత్రలు ఇచ్చాడని రాయించావు. అవి దేనికోసం రాసిన మాత్రలో ఆయనకే తెలీదు. బాబాయ్, ఏమనుకోకు, నీ మాత్రలు నువ్వే మింగు. అత్తా, నువ్వు టెక్కలి వెళ్లి డాక్టరుకు చూపించుకో.

మంగ నిన్నే "అమ్మా" అంటోందని, తిట్టినా మానడం లేదని రాయించావు. తిట్టకు. ఆ మాట చదివి కాసేపు ఏడ్చాను, అబద్ధం ఎందుకు? తర్వాత మనసు కుదుటపడింది. పిలిస్తే పలికే అమ్మ లేని పిల్ల కాలేదు కదా నా కూతురు.

నా సర్టిఫికెట్ వచ్చింది, అత్తా. ఫార్మసిస్టు అని నా పేరు పక్కన అచ్చులో ఉంది. చేతిలోకి తీసుకోగానే నువ్వే గుర్తొచ్చావు. మావయ్య చనిపోయిన ఏడాది నేను ఫార్మసీ చదువుతానంటే, "పెళ్లై పిల్ల పుట్టాక సదువేటి?" అని నీ కొడుకు ఎగిరిపడ్డాడు. ఇదే గదిలో నువ్వు బియ్యం చేట కింద పెట్టి, "ఏటిరా? ఇంటరు సదివిన పిల్లని తెచ్చి అంట్లు తోమిస్తన్నావు. మంగని నాతో ఊరికి అట్టుకుపోతాను. దాని సదువు దాన్ని సదువుకోనీ" అన్నావు. చదువు తేలిగ్గా సాగలేదు. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, మాస్టారు బెంగాలీలో చెప్పేవాడు. ఇంట్లో చంటిపిల్ల ఏడుపు లేదు కాబట్టే గట్టెక్కాను. ఆ నిశ్శబ్దం ఎంత సాయం చేసిందో అంత ఏడిపించింది కూడా. నీ రుణం నేను తీర్చుకోలేను.

సుబోధ్‌దా కొట్టులో పని నేర్చుకుంటున్నానని రాశాను కదా. ఇక్కడందరూ "దా", అంటే అన్నా, అని పిలిచే ముసలాయన. కొట్టు యజమాని, ఫార్మసిస్టు కూడా ఆయనే. నన్ను "బౌమా" అంటాడు, కోడలుపిల్లా అని. మన పక్క సందులో ఉండే రేవు కూలీ నరసయ్యకు క్షయ వచ్చింది. అతని పెళ్లాం పున్నమ్మ వచ్చి మందులు పట్టుకెళ్లేది. రోజూ వేసుకుంటున్నాడా అని సుబోధ్‌దా బెంగాలీలో అడిగితే తల ఊపేది. ఒకరోజు ఆమె కూడా దగ్గుతుంటే నేను మన మాటలో అడిగాను. "నాకూ దగ్గేనమ్మా. మా ఆయన మాత్ర ఇరిచి నాకు సగం ఇస్తాడు. నిన్నొదిలేసి నేనొక్కన్నే బాగైపోతానేటి అంటాడు" అంది, కాస్త సిగ్గుపడుతూ.

ప్రేమే, అత్తా. సగం మాత్రతో క్షయ ఎవరికీ తగ్గదు, ఆ ప్రేమతోనే ఇద్దరూ పోయేవాళ్లు. సుబోధ్‌దాకు చెబితే కొట్టు మూసి వాళ్లిద్దరినీ తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇప్పుడు ఎవరి మందు వాళ్లదే. నిన్న పున్నమ్మ కుళాయి దగ్గర బిందె కోసం పోట్లాడింది, అంటే ఒంట్లోకి బలం వచ్చినట్టే.

ఇక ఇంతసేపూ దాచిన మాట చెప్పాలి. బాబాయ్, ఇక్కడ నెమ్మదిగా చదువు.

ఖిదిర్‌పూర్‌లో మందుల కొట్టు పెట్టబోతున్న ఒకాయన మన ఇంటికి వచ్చాడు. ఫార్మసిస్టు పేరు చూపించకపోతే లైసెన్సు ఇవ్వరు. అందుకని నా సర్టిఫికెట్ అద్దెకు ఇమ్మన్నాడు. ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుంటాడట. నేను వెళ్లక్కర్లేదు, నెలనెలా డబ్బు ఇంటికే పంపిస్తాడు. చాలామంది అలాగే చేస్తున్నారని కూడా చెప్పాడు. నీ కొడుకు ముఖం వెలిగిపోయింది. "ఇంకేటి, నువ్వు ఇంట్లో కూకో. రేపే ఎళ్లి మంగని తెచ్చేసుకుందాం" అన్నాడు. సరే అనే మాట నా నోటి దాకా వచ్చింది. మంగ ఈ గదిలో తిరుగుతున్నట్టే కనిపించింది.

కానీ ఆ కొట్టుకూ పున్నమ్మలాంటి మనిషి ఎవరో వస్తుంది. తల ఊపి మందు పట్టుకుపోతుంది. అడగడానికి నేను అక్కడ ఉండను, గోడ మీద నా పేరు మాత్రం ఉంటుంది. ఇవ్వనని చెప్పేశాను. నీ కొడుకు కొన్నాళ్లు ముఖం ముడుచుకుని తిరిగాడు. మొన్న తనే టీ పట్టుకొచ్చి పక్కన కూర్చుని, "అమ్మకి నువ్వే రాయి, నాకు దైర్నం లేదు" అన్నాడు.

వచ్చే నెల నుంచి సుబోధ్‌దా నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటున్నాడు. రోజంతా కొట్టులోనే ఉండాలి. మంగను తెచ్చుకుంటే చూసేవాళ్లు లేరు. అందుకే అడుగుతున్నాను, దాన్ని తీసుకుని నువ్వు కూడా ఇక్కడికి వచ్చేస్తావా? ఈ పొగలో ఇంక ఉండలేనని, చెల్లెలితో కబుర్లు చెప్పుకుంటూ సముద్రం గాలికి పడుకోవాలని వెళ్లినదానివి. ఒకసారి అంత చేసినదాన్ని మళ్లీ అడగాలంటే సిగ్గుగా ఉంది. అయినా నువ్వు తప్ప నాకు అడిగే మనిషి లేదు.

అవుననైనా కాదనైనా నీ మాటే రాయించు. బాబాయిని తన మర్యాదలు కలపొద్దను. రాలేనంటే నిన్ను ఒక్క మాట అనను, ఒట్టు. ఉద్యోగం మానేసి మంగను తెచ్చుకుంటాను. సర్టిఫికెట్ పెట్టెలో చీరల అడుగున ఉంటుంది. నేను నిలబడని కొట్టులో మాత్రం దాన్ని వేలాడనివ్వను. నువ్వు నా చంటిపిల్లను చంకనేసుకుని రైలెక్కింది, నేను నా పేరు అద్దెకిచ్చుకుంటానని కాదు.

ఇట్లు,
నీ మేనకోడలూ, కోడలూ అయిన
నారాయణమ్మ