మేడెక్కిన పియానో

కంచరపాలెం,
విశాఖపట్నం

సాలూరులో ఉన్న మా అప్ప గ్రేసమ్మకు నీ తమ్ముడు దానియేలు ప్రేమతో వందనాలు చెప్పి రాసేది. దేవుని దయ వల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వెలా ఉన్నావు? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? తైలం రాయించుకుంటున్నాడా, లేక వద్దని విసుక్కుంటున్నాడా? ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను ఆగిపోతాను. ఇది ఆపకుండా చెప్పాల్సిన సంగతి.

అప్పా, నేను పియానో కొన్నాను!

నిజం. కీబోర్డు కాదు, పియానోయే. బీరువా అంత చెక్క పెట్టె, లోపలంతా తీగలు. బీచి రోడ్డులో ఒక పాత హోటలు మూతపడితే సామానంతా ఆన్‌లైన్‌లో వేలానికి పెట్టారు. షెడ్డులో నాతోపాటు బరువులెత్తే కలాసీ పని చేసే అప్పలరాజు మంచం కోసం ఆ ఫోటోలు చూస్తుంటే, అద్దాలకీ కుర్చీలకీ మధ్య ఇది కనిపించింది. వరస లేకపోయినా నన్ను బావా అంటాడు. "బావా, మీ సర్చిలో వాయించే పెట్టెకి అన్నలాగుంది, సూడు" అన్నాడు.

ఎందుకు కొన్నానో చెప్పాలంటే ముందు నీ దగ్గర దాచింది చెప్పాలి. కూర్చుని చదువు. పోయిన వానాకాలంలో ఇనప దూలం ఎత్తుతుంటే నా కుడిచెయ్యి ఇనప తాడు కింద పడింది. చూపుడు వేలూ మధ్య వేలూ సగానికి పోయాయి. తొందరపడింది నేనే. గాయం మానింది, నొప్పి లేదు, అన్నం ఆ చేత్తోనే తింటున్నాను. నిజంగా బాగున్నాను. క్రిస్మస్‌కి సెలవు దొరకలేదని అబద్ధం చెప్పాను. నువ్వు వీడియో కాల్ చేస్తే నెట్ లేదని కట్ చేసేవాణ్ణి. ఆ వేళ్ళకు పాట నేర్పింది నువ్వు. నీకే చూపించలేకపోయాను.

హార్మోనియం అంటే ఎడం చేత్తో గాలి కొట్టాలి, కుడిచేత్తో వాయించాలి. ఇక్కడి చర్చిలో ఎవరూ లేనప్పుడు ఒకసారి కూర్చున్నాను. పాట సగంలో మీట అందలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెనక వరసలో, చెయ్యి జేబులో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పనయ్యి గదికొస్తే మాట్లాడే మనిషి లేడు, రైళ్ళ చప్పుడు తప్ప. కానీ పియానోకి గాలి కొట్టక్కర్లేదప్పా! ఎడం చెయ్యి ఖాళీగా ఉంటుంది. పాట అది వాయిస్తే, కుడిచేతికి మిగిలిన వేళ్ళు తోడు పలకొచ్చు. కీబోర్డు చాలదా అంటావేమో. దాని మీటలు మరీ తేలిక, నా మొద్దు వేళ్ళకు తగిలినట్టే ఉండదు.

వేలం శనివారం మధ్యాహ్నం ముగుస్తుంది. షెడ్డులో ఫోను తియ్యనివ్వరు. అన్నం బెల్లు కొట్టగానే గేటు బయట టీకొట్టుకు పరుగెత్తాం. ఎవరో ఒకాయన, పేరు కనిపించదు, నేను పెంచితే తనూ పెంచేవాడు. చివర్లో ఎవరైనా పెంచితే ఇంకో రెండు నిమిషాలిస్తారట!

"ఏటి సేత్తన్నావ్ బావా? నొక్కు!" అని అప్పలరాజు అరిచాడు.

"నాను అనుకున్నది దాటిపోనాదిరా."

"ఇంకొక్కపాలి. ఆడికీ సెమటలు పట్టేసుంటాయి."

నొక్కాను. టీ చల్లారిపోయింది. ఫోనులో 'మీరు గెలిచారు' అని పడింది. ఏం గెలిచామో తెలియకుండానే టీకొట్టాయన కూడా చప్పట్లు కొట్టాడు. మోటారు సైకిలు కోసం దాచింది దీనికే పోయింది, తిట్టకు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మా షెడ్డు గ్యాంగుతో కలిసి లారీలో తెచ్చాం. నాది మేడ మీద గది. మెట్ల మలుపులో పియానో పట్టలేదు. ఇంటావిడ నరసమ్మ గారు, తగరపువలస దగ్గర పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ, కొంగు బిగించి అడ్డం నిలబడింది.

"ఏటి బాబూ ఇది? నా మేడ కూల్సేత్తావేటి?"

"మామ్మా, దీనికి పదింతలు రోజూ ఎత్తుతాం. పక్కకెల్లి సూడు" అన్నాడు అప్పలరాజు.

మేడ మీద ఇనప పైపులు కట్టి చైన్ పుల్లీ తగిలించారు. పియానోకి దుప్పట్లు చుట్టి పట్టీలు వేశారు. పైన గొలుసు లాగేవాళ్ళకి కింద ఏం జరుగుతోందో కనిపించదు. కింద ఒకడు సైగ చెయ్యాలి. లేపమనడానికి చూపుడు వేలు పైకెత్తి తిప్పుతారు. దెబ్బ తగలకముందు షెడ్డులో ఆ పని నాదే. తర్వాత నన్ను సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. నేనూ నోరెత్తలేదు.

"సైగ నువ్వే సెయ్యి" అన్నాడు అప్పలరాజు.

నాకు కోపమొచ్చింది. "ఏ ఏలుతో సెయ్యమంతావ్?"

"ఉన్నదాంతో సెయ్యి. మాకు తెల్దేటి?"

వీధంతా చూస్తోందప్పా. జేబులోంచి చెయ్యి తీశాను. ఆ సగం వేలు పైకెత్తి తిప్పాను. పైన గొలుసు గలగలమంది, పియానో నేల వదిలింది! జానెడు, మూరెడు, నిలువెత్తు. గాలికి తిరగబోతే పిడికిలి బిగించాను, ఆగింది. ఎడమకి చూపించాను, జరిగింది. పిట్టగోడ దాటి మేడ మీద దిగేసరికి నా చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. వీధిలో వాళ్ళు ఈలలు వేశారు. చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకోవడం మర్చిపోయాను.

నరసమ్మ గారు నా చెయ్యి సరిగ్గా చూడటం అదే మొదలు. కాసేపటికి చేపల పులుసు గిన్నెతో పైకొచ్చి, "వాయించు మరి, ఇంటాను" అని గుమ్మంలో కూర్చుంది.

నువ్వు నాకు మొట్టమొదట నేర్పిన కీర్తన ఎడం చేత్తో మొదలుపెట్టాను. తొమ్మిది మీటలు పలకనే లేదు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టి కొన్ని శ్రుతి తప్పాయి. అయినా కుడిచేతి బొటనవేలూ ఉంగరం వేలూ చిటికెన వేలూ వెతుక్కుంటూ వెనకే వచ్చాయి. చివరిదాకా వాయించానప్పా! చివరిదాకా. నరసమ్మ గారు వెంటనే అడిగింది: "ఇదొక్కటేనేటి వచ్చు? ఇంకోటి వాయించు."

సోమవారం మేస్త్రీ దగ్గరికెళ్ళి సైగ పని మళ్ళీ ఇమ్మన్నాను. "నువ్వెప్పుడు అడుగుతావా అనే సూత్తన్నాను" అన్నాడు. మళ్ళీ గ్యాంగులో ఉన్నాను.

నీ పాటల పుస్తకంలో స్వరాలు రాసుకున్న పేజీలు ఫోటోలు తీసి పంపు. శ్రుతి చేసే మనిషి కోసం వెతుకుతున్నాను. పాస్టరు అయ్యగారికీ అమ్మగారికీ నా వందనాలు అందించు. అందరి దీవెనలూ ప్రార్థనలూ నాకు కావాలి. వీలు చూసుకుని నువ్వూ నాన్నా బస్సెక్కి రండి, నరసమ్మ గారు కింద గది ఇస్తానంది.

ఈ ఉత్తరం నాన్నకు నువ్వే చదివి వినిపించు. ముందు పియానో సంగతి చెప్పు. ఆయన నవ్వాక, వేళ్ళ సంగతి చెప్పు.

నీ ప్రియమైన తమ్ముడు,
దానియేలు