రెండు వేళ్ళ పలకరింపు

మేనల్లుడు క్లేటన్‌కు,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కానీ మీ కంపెనీ ఖరీదైన బుల్లి హ్యాచ్‌బ్యాక్ కారు మా టెక్సాస్‌లో అమ్ముడుపోకపోతే నీ ఉద్యోగానికే ఎసరని రాశావు గదా.

నా షోరూముకు మీరు పంపిన కారొకటి పశువుల ఆసామి వెర్నాకు వారం రోజులు నడిపి చూడమని ఇచ్చాను. తోలు సీటు చూసి మురిసిపోయింది. మా పాస్టరుగారి కుర్చీ కూడా అంత మెత్తన కాదు. ఆ కుర్చీ చరిత్ర వేరే ఉందిలే. మూడో రోజుకల్లా వచ్చి తాళం బల్లమీద కొట్టింది.

"నీ కారులో నువ్వే ఊరేగు, ముసలోడా! దార్లో ఒక్కడూ నాకు వేళ్ళెత్తలేదు. చచ్చాననుకున్నారో ఏమో!"

నిజమే. ఇక్కడ ఎదురొచ్చే పికప్ ట్రక్కుకు స్టీరింగు మీంచి రెండు వేళ్ళెత్తి పలకరిస్తాం. చిన్న కారులో ఉన్నవాడు మనవాడు కాడని లెక్క.

"నాలుగు రోజులు ఓపిక పట్టు తల్లీ," అన్నాను. తిన్నగా కాఫీ హోటల్‌కు పోయి, చిన్న కారుకు వేళ్ళెత్తనివాడికి చర్చి విందులో వెర్నా చేసే పీచ్ కేకు ముక్క దక్కదని చాటేశాను.

ఎదురొచ్చిన ప్రతివాడూ వేళ్ళెత్తేసరికి, శనివారం ఆమె సంతకం పెట్టి కారు కొనుక్కుంది.

ఈ ఉదయం మా షెరీఫు, అదే మా పోలీసు పెద్ద, ఎవరో పైఊరాయన చిన్న కారుకు రెండు వేళ్ళెత్తాడు. పాపం ఆ పైఊరాయన, పోలీసు ఆపమన్నాడనుకొని కారు పక్కకు ఆపి, తానేం తప్పు చేశానని అడిగాడు.