అటక మీద నా పేరు

శుక్రవారం రాత్రి, తిరుపతి

పొద్దున ఆయన పాకాల బయల్దేరుతుంటే, ఇక గిన్నె కాదు గదా గరిటె కూడా కొననని మాటిచ్చాను. సాయంత్రం తిరుచానూరులో అమ్మవారి దర్శనమయ్యాక నేరుగా ఇంటికి రావాల్సినదాన్ని, స్టీలు సామాన్ల అంగట్లో తేలాను. మూత గట్టిగా పట్టే టిఫిన్ డబ్బా ఒకటి నచ్చింది. డబ్బాల మీద పేర్లు కొట్టే ముసలాయనకిస్తే, నేను నోరు తెరవకముందే మిషను ఆన్ చేశాడు.

"పేరు సెప్పబన్లేదు లేమ్మా. నా సేతికి అలవాటైపొయ్యిండాది."

నవ్వుకుంటూ వచ్చేశాను. డబ్బా అటక మీద పెడదామని స్టూలెక్కితే, అక్కడ అచ్చం అలాంటివే నాలుగు, కవర్లు కూడా విప్పకుండా ఉన్నాయి. నాలుగింటి మీదా నా పేరే. ఒక్కటి కూడా కొన్నట్టు గుర్తు లేదు.

స్టూలు దిగి ఆయనకి ఫోన్ చేశాను.

"పోయిన వారం గూడా ఇట్నే ఫోన్ చేసి ఏడ్చినావు గదే," అన్నారు.

ఏడ్చింది కూడా గుర్తు లేదు.

బజారు సంచిని మడిచి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి తలగడ కింద దాచాను. ఇది రాస్తూ ఇప్పుడే తలెత్తి చూశాను. సంచి వీధి తలుపు కొక్కేనికి వేలాడుతోంది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

తాళంచెవి నా ఎడమ చేతిలో ఉంది.