బొట్టు పెట్టిన బస్తాలు

రంగూన్,
ఆశ్వయుజ మాసం.

చోడవరంలో ఉన్న మా అప్పలనరసమ్మ అక్కకు తమ్ముడు సూరిబాబు నమస్కరించి రాసేది. నేను క్షేమంగానే ఉన్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు, మాడుగుల పెద్దమ్మ ఎలా ఉన్నారు? నా ఒంటికి ఏమీ కాలేదు, కంగారుపడకు. ఈ ఉత్తరం మాత్రం అరుగు మీద అందరిలో చదివించకు. నువ్వే చదువుకుని బావగారికి చెప్పు.

మా షావుకారు గొడౌనుకు ఇక్కడి సర్కారు సీలు వేసింది. ఆయన సరుకు ఏ ఓడా ఎక్కించుకోకూడదు, ఆయనతో బేరం చేసినవాడికి కూడా శిక్షే. తెల్లవాళ్లు పోయాక ఈ దేశంవాళ్లు తమలో తాము కొట్టుకుంటున్నారని రాశాను కదా. కొండల్లో పోరాడేవాళ్లకు మా షావుకారు బెల్లం బస్తాల్లో తూటాలు దాచి పడవల మీద పంపాడు. మనవాడే, బతకడానికి వచ్చి పరాయివాళ్ల ఇంటికి నిప్పు పెట్టాడు. ఆయన దేవుడంతటివాడని నీకు రాసింది నేనే.

ఎలా బయటపడిందో చెబితే ముందు నవ్వుతావు. తొలి పాకం బెల్లం దిమ్మకు నువ్వు పసుపు రాసి, బొట్టు పెట్టి, దూరాన ఉన్నవాళ్ల పేరు చెప్పి దీవించాకే బండి ఎక్కిస్తావు కదా. ఆ అలవాటు కొద్దీ నేనూ ప్రతి పడవలో మొదటి బస్తాకు బొట్టు పెట్టేవాణ్ని. చేరినచోట మేలు జరగాలని మొక్కేవాణ్ని. అడవిలో పట్టుబడ్డ బస్తాల మీద పోలీసులు ఆ బొట్లు చూశారు. గొడౌనుకు వచ్చి ఇవెవరు పెట్టారని అడిగితే, మెచ్చుకుంటున్నారనుకుని ముందుకు వెళ్లాను.

గొడౌనులో మూటలు మోసే మన వడ్డాది కళాసీ అప్పన్న నా చెయ్యి పట్టి లాగాడు. "ఒరే సూరిబాబూ, నువ్వు బొట్టెట్టింది బెల్లానికి కాదురా, తూటాలకి," అన్నాడు.

కొన్నాళ్లు ఠాణాలో ఉంచి, కాటా తూచేవాడే తప్ప ఏమీ ఎరగడని వదిలేశారు. ఎరగను, నిజమే. కానీ బస్తాలు మరీ బరువు తూగినప్పుడు, వానకు తడిశాయిలే అనుకుని ఊరుకున్నాను. అడగాలనిపించలేదు అక్కా.

నేను అన్నం తినేది ఖిన్ అనే బర్మా ఆవిడ పూటకూళ్లింట్లో. ఆవిడనూ అక్కా అనే పిలుస్తాను. ఆవిడ తమ్ముడు కో టిన్ సర్కారు సిపాయి. ఆ కొండల్లోనే తూటా తగిలి కాలు తీసేశారు, ఇంకా ఆస్పత్రిలో ఉన్నాడు. ఠాణా నుంచి వచ్చిన రోజు గుమ్మం ఎక్కలేక వానలో నిలబడ్డాను. ఆవిడే పిలిచి, ఎప్పటిలాగే అన్నం పెట్టి చేప ముక్క వేసింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో తలెత్తకుండా తిన్నాను.

ఇప్పుడు అప్పన్నతో బియ్యం మిల్లులో మోత పనికి వెళ్తున్నాను. తిండికి లోటు లేదు. మాడుగుల హల్వా పంపమన్నాను కదా, వద్దులే. పంచిపెట్టడానికి ముఖం లేదు.

బావగారు నా మాట మీద ఈ ఏటి బెల్లమంతా మా షావుకారుకే ఇస్తానని ఒప్పుకున్నారు. ఒక్క దిమ్మ కూడా ఇవ్వొద్దను. ఆయన మనుషులు వైజాగు నుంచి వచ్చి ఎంత తియ్యగా మాట్లాడినా సరే, అనకాపల్లిలోనే అమ్ముకోమను. సూరిబాబు మాట నీటిమూట అయిందని ఊళ్లో నవ్వితే నవ్వనీ.

పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. తొలి దిమ్మకు బొట్టు పెడుతూ ఏటా నా పేరు చెబుతావు. ఈసారి నా పేరు చెప్పకు. ఆ దీవెన ఖిన్ అక్క తమ్ముడికి ఇవ్వు. కో టిన్. నోరు తిరగకపోతే ఇప్పటినుంచే అనుకుంటూ ఉండు.

నీ తమ్ముడు,
సూరిబాబు